ఏతము నుండి ఇంజను వరకు: లండను సైన్సు మ్యూజియములో ఒక దినము

దూరదేశములకు పోయివచ్చిన మనవారు చెప్పు సంగతులలో రాజభవనములు, వంతెనలు, అంగళ్లు తరచుగా వినవచ్చును. యంత్రములను భద్రపరచిన ప్రదర్శనశాలలను గూర్చి చెప్పువారు అరుదు. అట్టి శాలలు విద్యార్థులకును ఇంజనీర్లకును మాత్రమే పనికివచ్చునని పలువురు తలంతురు. కాని బావిలో మోటారు దింపుకొని, దుక్కికి ట్రాక్టరును బాడుగకు పిలిచి, పండిన పంటను లారీపై మార్కెటుకు పంపు రైతుకంటె యంత్రముతో దగ్గర సంబంధము గలవాడెవడు? ఆ యంత్రముల పుట్టుపూర్వోత్తరములను తెలిసికొనుట అతనికి వినోదము మాత్రమే గాదు, లాభకరము కూడ. ఈ తలంపుతోనే నేను మా తమ్ముని కుటుంబమును చూచుటకు లండను నగరమునకు వెళ్లినపుడు అచ్చటి సైన్సు మ్యూజియములో ఒక దినమంతయు గడపితిని. చూచినవానిలో మన చదువరులకు ఉపయోగించువానిని ఏరి యిచ్చట వ్రాయుచున్నాను.

మ్యూజియము పుట్టుక

ఈ శాల లండనులో సౌత్ కెన్సింగ్టన్ అను భాగమున, ఎగ్జిబిషన్ రోడ్డుపై నున్నది. ఆ వీథి పేరులోనే దాని చరిత్ర యిమిడియున్నది. 1851వ సంవత్సరమున అచ్చటికి చేరువనున్న హైడ్ పార్కులో, ఇనుముతోను గాజుతోను కట్టిన గొప్ప మందిరమునందు, సకల దేశముల వస్తువులతో ఒక మహాప్రదర్శనము జరిగెను. ఆరు నెలలైన నిండకమునుపే అరువది లక్షల టిక్కెట్లు చెల్లెను. ఖర్చులన్నియు పోగా మిగిలిన సొమ్ము సుమారు 1,86,000 పౌండ్లు. నిర్వాహకులు ఈ లాభమును పంచుకొనలేదు. దగ్గరలోనే భూమిని కొని, దానిని విద్యాశాలలకును ప్రదర్శనశాలలకును వినియోగించిరి. 1857లో అచ్చట తెరువబడిన మ్యూజియము నుండి 1909లో శాస్త్రయంత్ర భాగము వేరుపడి నేటి సైన్సు మ్యూజియమయ్యెను. కళావస్తువుల భాగము వీథికి ఆవలి ప్రక్కన విక్టోరియా ఆల్బర్టు మ్యూజియము పేర నిలిచినది. ఒక్కసారి వచ్చిన మిగులును నిధిగా నిలిపినచో అది ఎన్ని తరముల వారికి ఉపయోగపడునో సహకారసంఘ సభ్యులకు వేరుగా చెప్పనక్కరలేదు. సాధారణ ప్రవేశమునకు ఇచ్చట రుసుము లేదు.

గాలి త్రొక్కిన ఏతము

ఆవిరియంత్రముల హాలులో నేను మొదట నిలిచినది 1791లో ఫ్రాన్సిస్ థాంప్సన్ అనునాతడు డార్బీషైరులోని ఒక బొగ్గుగని కొరకు నిర్మించిన యంత్రము నెదుట. అది మన పెంకుటింటికంటె ఎత్తైనది. నా వెంట వచ్చిన మా తమ్ముని కుమార్తె తల పైకెత్తి చూచి, "పెదనాన్నా, ఇంత పెద్ద యంత్రం ఏం చేసేది?" అని యడిగెను. "నీళ్లు తోడేది, తల్లీ" అంటిని. "అంతేనా?" అనెను. అంతే. లోకమును మార్చిన ఆవిరియంత్రము తన మొదటి అరువది డెబ్బది సంవత్సరములలో నీరు తోడుట తప్ప పెద్ద పని మరియొకటి చేసి యెరుగదు.

దాని రూపము మన ఏతమును చూచినవారికి వెంటనే బోధపడును. నడుమ ఆధారముపై ఒక పెద్ద దూలము. దూలమునకు ఒక కొన గనిలోనికి దిగిన పంపుకడ్డీ, రెండవ కొన సిలిండరులోని పిస్టను. ఏతముపై మనిషి నడచి దూలమును వంచును. ఇచ్చట ఆ మనిషి చోటున గాలి యున్నది. సిలిండరులో ఆవిరి నింపి, లోపల చన్నీటిని చిమ్మినచో ఆవిరి నీరైపోయి లోపల శూన్యమేర్పడును. అపుడు బయటి గాలి పిస్టనును క్రిందికి త్రొక్కును. దూలము రెండవ కొన లేచి నీటిని పైకి తెచ్చును. పిమ్మట పంపుకడ్డీ బరువే దూలమును మరల తన వైపునకు వంచును. ఈ పద్ధతిని కనిపెట్టినవాడు థామస్ న్యూకొమెన్ అను ఇనుపసామాను వర్తకుడు. 1712లో డడ్లీ అను ఊరి దగ్గర అతని యంత్రము గనినీటిని తోడినది.

గాలికి బరువున్నదని మన రైతులు పుస్తకములలో చదువకపోయినను బావిలో నేర్చుకొన్నారు. ఒక్కొక్క చదరపు అంగుళముపై గాలి ఆరున్నర కిలోలకు మించిన బరువుతో ఒత్తుచుండును. ఆ ఒత్తిడి నీటిని గొట్టములో సుమారు 33 అడుగులకు మించి ఎత్తజాలదు. వాడుకలో ఇరువది, ఇరువదియైదు అడుగులు ఎత్తిన చాలు. అందుచేతనే నీరు క్రుంగినపుడు గట్టుమీది ఆయిలింజను పీల్చలేక పోగా, మనవారు బావిలో తిన్నె కట్టి ఇంజనును క్రిందికి దింపుచు వచ్చిరి. బోరుబావిలో మోటారు నీటి అడుగుననే యుండి నీటిని పైకి నెట్టును గాన దానికి ఈ హద్దు లేదు. హద్దు లేకుండుటయే మరియొక చిక్కునకు కారణమైనది. ఆ సంగతి ముందు చెప్పెదను.

వృథాను కనిపెట్టిన వాట్

న్యూకొమెన్ యంత్రమునందలి లోపమేమనగా, ఒకే సిలిండరును మాటిమాటికి కాచి, మాటిమాటికి చల్లార్చవలెను. ఒక కుండలో ఎసరు మరిగించి, ఆ కుండనే చన్నీట ముంచి, మరల పొయ్యిపై కెక్కించుచుండిన కట్టెలెంత దండుగ యగునో అంత బొగ్గు దండుగ యయ్యెను. గ్లాస్గో విశ్వవిద్యాలయమునకు పరికరములు చేయు జేమ్స్ వాట్ 1763 శీతకాలమున ఈ యంత్రపు చిన్న నమూనానొకదానిని మరమ్మతు చేయుచు ఈ వృథాను లెక్కకట్టెను. 1765లో అతనికి ఉపాయము తోచెను: సిలిండరును ఎప్పుడును వేడిగానే యుంచి, ఆవిరిని వేరొక పాత్రలోనికి పోనిచ్చి అచ్చట చల్లార్చుట. 1769లో పేటెంటు పొందెను. 1775లో బర్మింగుహాము వర్తకుడు మాథ్యూ బౌల్టనుతో భాగస్వామ్యము కుదిరెను. అదే పనికి బొగ్గు నాల్గింట మూడు వంతుల వరకు తగ్గెను.

బౌల్టన్ వాట్‌ల యంత్రములలో మిగిలియున్నవానిలో మిక్కిలి పాతది 1777 నాటిది. "ముసలి బెస్సు" అని దాని ముద్దుపేరు. బౌల్టను కర్మాగారమును నడుపు నీటిచక్రము క్రిందికి వదలిన నీటిని మరల పై చెరువునకు ఎత్తుటయే దాని పని. ఆ పనిని అది 1848 వరకు చేసెను. ప్రక్కనే 1788 నాటి మరియొక యంత్రము కలదు. ఇది దూలము పైకి క్రిందికి ఊగుటను చక్రము తిరుగుటగా మార్చును. ఇందులకు సులభమైన సాధనము క్రాంకు. కాని దానిపై ఇతరులు ముందే పేటెంటు పొందియుండిరి. అందుచే వాట్ సంస్థవారు సూర్యుని చుట్టు గ్రహము తిరిగినట్లు ఒక పండ్లచక్రము మరియొక పండ్లచక్రము చుట్టు తిరుగు ఏర్పాటును కల్పించిరి. దారి మూసినచో వేరు దారి వెదకిన ఈ నేర్పును ఇనుములో చూచుట ముచ్చటగా నుండెను. ఈ యంత్రము 1858 వరకు లోహమునకు మెరుగుపెట్టు 43 మరలను నడపినది.

దీనిపైననే గిరగిర తిరుగు రెండు గుండ్ల గవర్నరు కలదు. వేగము పెరిగిన గుండ్లు దూరముగా విచ్చుకొని ఆవిరిని తగ్గించును. వేగము తగ్గిన దగ్గరకు ముడుచుకొని ఆవిరిని పెంచును. ఇది వాట్ కొత్తగా పుట్టించినది కాదు. పిండిమరలలో తిరుగళ్ల మధ్య ఎడమును సరిచేయుటకు మరవారు ముందే వాడుచున్న ఉపాయమును చూచి తన యంత్రమునకు తగిలించెను. మన ఆయిలింజను బరువు పడినపుడు ఆగిపోకయు, బరువు తీసినపుడు వెర్రిగా పరుగెత్తకయు నుండుటకు కారణము ఈ గవర్నరు సంతతియే.

హార్సుపవరు లెక్క

"అయిదు హార్సుపవరు మోటారు" అని మనము దినమును పలుకు మాట కూడ వాట్ పెట్టినదే. గుర్రములతో మరలు త్రిప్పించుచున్నవారు, "నీ యంత్రము ఎన్ని గుర్రముల పెట్టు?" అని యడుగుదురు గదా. అందుచే అతడు నిమిషమునకు 33,000 పౌన్ల బరువును ఒక అడుగు ఎత్తు బలమును ఒక గుర్రపు బలముగా నిర్ణయించెను. మన లెక్కలో అది నిమిషమునకు దాదాపు 15,000 లీటర్ల నీటిని ఒక అడుగు ఎత్తుట.

రైతు ఈ యొక్క సంఖ్యను జ్ఞాపకముంచుకొన్న చాలును. అయిదు హార్సుపవరు మోటారు ఏ నష్టమును లేక పనిచేసినచో, 150 అడుగుల లోతు నుండి నిమిషమునకు 500 లీటర్లు ఎత్తును. నీరు 300 అడుగులకు దిగినచో ఆ మోటారే 250 లీటర్లు ఎత్తును. పంపులోను గొట్టములలోను పోవు నష్టము వేరు. మోటారు మారలేదు, కరెంటు తగ్గలేదు. నీరు మాత్రము సగమైనది. "మోటారు పాతబడినది, పెద్దది తేవలెను" అని తలచు రైతు మొట్టమొదట చూడవలసినది మోటారును గాదు, బావిలో నీటిమట్టమును.

తాళము వేసిన లెక్కపెట్టె

వాట్ యంత్రమును అమ్మిన విధము సహకార సంఘములవారు ప్రత్యేకముగా గమనింపదగినది. బౌల్టన్ వాట్‌లు గని యజమానులతో ఇట్లు ఒడంబడిక చేసికొనిరి: "పాత యంత్రముతో పోల్చగా మా యంత్రము వలన మీకు మిగిలిన బొగ్గు ఖరీదులో మూడవ వంతు మాకిండు." మిగులును లెక్కించుటెట్లు? దూలము ఊగినప్పుడెల్ల ఒక అంకె పెరుగునట్టి లెక్కయంత్రమును దానికి అమర్చి, తాళము వేసిరి. ఎన్ని ఊపులో తెలిసిన ఎంత పనియో తెలియును. ఎంత పనియో తెలిసిన ఎంత బొగ్గు మిగిలెనో తెలియును. పొగడ్త గాని ప్రమాణము గాని అక్కరలేదు. పెట్టె తెరచి చూచుటయే.

ఇంత పొదుపైన యంత్రము 1769 నుండి పేటెంటుతో నుండగా, 1791లో థాంప్సన్ మరల పాత పద్ధతి యంత్రమునే ఏల నిర్మించెను? దీనికి సమాధానము ఆ రెండు ప్రదేశముల బొగ్గు వెలలో నున్నది. ఇంగ్లండు పడమటి కొనయైన కార్న్‌వాల్‌లో రాగి, తగరము గనులు కలవు గాని బొగ్గు లేదు. ఓడలపై తెప్పించుకొనవలెను. అచ్చటివారు వాట్ యంత్రమును వెంటనే కోరిరి. బొగ్గుగనులలో అమ్ముడుపోని నలుసు బొగ్గు గుట్టలుగా పడియుండును. ఊరక వచ్చుదానిని పొదుపు చేయుటకు డబ్బిచ్చువాడెవడు? పాత యంత్రమే వారికి చాలినది. ఆ దినము చూచినవన్నిటిలోను నన్ను మిక్కిలి ఆలోచింపజేసినది ఈ సంగతియే.

వాట్ పనిగది

వాట్ తన ముసలితనమున బర్మింగుహాము దగ్గర తన యింటి అటకగదిలో పని చేసికొనుచుండెను. 1819లో అతడు మరణించిన పిదప ఆ గది చాలకాలము మూసియే యుండెను. 1924లో ఆ గదిని తలుపు, కిటికీ, నేలపలకలతో సహా విప్పి మ్యూజియమునకు తెచ్చి యథాప్రకారము నిలిపిరి. అందులో ఎనిమిది వేలకు పైగా వస్తువులు కలవట. ఆకురాళ్లు, చిమటాలు, సీసాలు, కొలతబద్దలు, శిల్పములకు నకలు తీయుటకు అతడు కల్పించిన మరలు, అన్నియు అందులోనివే. ధనికుడై, వ్యాపారము నుండి 1800లో విరమించిన పిదపను చేతిపని మానని వాని గది యది. మన ఊళ్ల వడ్రంగి కొట్టమును, కమ్మరి కొలిమిని అలుసుగా చూచువారు ఈ గదియెదుట కొంతసేపు నిలువదగును.

మగ్గములు, బండ్లు, నక్షాలు

అదే హాలులో ఎర్రని రంగుతో మెరయు ఒక మిల్లు ఇంజను కలదు. 1903లో చేయబడిన ఆ యొక్క ఇంజను లాంకషైరులోని బర్న్లీ ప్రాంతపు మిల్లులో 1,700 మగ్గములను నడపెను. దీనిని చూచునపుడు తెలుగువానికి మచిలీపట్టణము తలపునకు రాకపోదు. మన తీరపు అద్దకపు వస్త్రములు ఇంగ్లండులో ఎంతగా చెల్లుచుండెననగా, అచ్చటి నేతగాండ్ర మొరపై పార్లమెంటువారు 1700లోను 1721లోను వానిని అరికట్టుటకు చట్టములు చేసిరి. పిమ్మట అదే దేశమునందు యంత్రపు మగ్గము పుట్టి, మన నేతగాని అన్నమును లాగుకొనెను. యంత్రము ఒకనికి పని తేలిక చేయునపుడు మరియొకనికి పని లేకుండ చేయవచ్చునన్నది ఆ ఇంజను చెంత వ్రాసియుండనక్కరలేదు.

బండ్ల భాగములో ముఖ్యమైనది "పఫింగ్ బిల్లీ". నేడు మిగిలిన రైలింజనులలో ఇదియే అత్యంత ప్రాచీనము. విలియం హెడ్లీ 1813, 1814 సంవత్సరములలో వైలమ్ అను ఊరి బొగ్గుగని కొరకు దీనిని చేయించెను. నున్నని పట్టాపై నున్నని చక్రము జారిపోవునా, పట్టుకొనునా అని ఆ కాలమున గొప్ప సందేహము. బరువు చాలినంత యున్న పట్టుకొనునని హెడ్లీ ప్రయోగము చేసి చూపెను. దమ్ములో జారు ట్రాక్టరుకు ఇనుప పంజరపు చక్రములు తగిలించు మనకు ఈ సందేహము వింత కాదు. ఇంజను బరువునకు నాటి పట్టాలు విరుగుటచే నాలుగు చక్రములకు బదులు ఎనిమిది వేసి బరువును పంచిరి; గట్టి పట్టాలు వచ్చిన పిదప మరల నాలుగే చేసిరి. బరువైన ట్రాక్టరు తడినేలను త్రొక్కి గట్టిపరచు సంగతి తెలిసినవారికి ఇందలి నీతి సుబోధము. ప్రసిద్ధమైన స్టీఫెన్సన్ "రాకెట్" ఇంజను కొరకు లండనుకు పోవువారు నిరాశపడకుండుటకు ఒక మాట: అది 2018లో ఈ శాలను విడిచి ఉత్తరదేశమునకు తరలింపబడినది.

నక్షా యొక్క విలువను చూపునది చార్లెస్ బాబేజి గణకయంత్రము. అతడు 1847 మొదలు 1849 వరకు దాని పటములను గీసెను గాని తన జీవితకాలమున నిర్మింపలేకపోయెను. ఈ మ్యూజియమువారే ఆ పటములను బట్టి 1991లో దానిని నిర్మించిరి. అది సరిగా లెక్కకట్టెను. 1969 మే నెలలో ముగ్గురు మనుష్యులు చంద్రుని చుట్టి వచ్చిన అపోలో 10 గది కూడ నేను చూచితిని. తిరిగివచ్చునపుడు గాలి రాపిడికి కమిలిన దాని వెలుపలి భాగము కాలిన కుండవలె నుండెను.

మన బావులకు అన్వయము

ఇంగ్లండులో 1865లో విలియం స్టాన్లీ జెవన్స్ అను అర్థశాస్త్రవేత్త బొగ్గును గూర్చి ఒక గ్రంథము వ్రాసెను. వాట్ యంత్రము బొగ్గును పొదుపు చేసెను గదా, దేశమున బొగ్గు ఖర్చు తగ్గవలెను. తగ్గలేదు, ఎన్నో రెట్లు పెరిగెను. ఏలయన, తక్కువ బొగ్గుతో పని జరుగుటచే యంత్రము చవుకయై, అంతవరకు దానిని పెట్టుకొనలేనివారెల్లరు పెట్టుకొనిరి. పొదుపు సాధనము మొత్తపు వాడుకను తగ్గించునని నమ్మరాదని అతడు హెచ్చరించెను.

మన మెట్టప్రాంతములలో నీటిని గూర్చి జరిగినదియు నిట్టిదే. బిందుసేద్యము మంచి సాధనము. ఎకరమునకు పట్టు నీటిని అది నిజముగా తగ్గించును. కాని మిగిలిన నీటితో మరియొక ఎకరమును, ఆ పిదప వేరొక బోరును పెంచుకొన్నచో, భూమిలోని నీరు మునుపటివలెనే క్రుంగును. పైగా కరెంటు ఊరకయో, ఊరకవంటి వెలకో వచ్చుచోట మన స్థితి కార్న్‌వాల్ గనివానిది గాక బొగ్గుగని వానిదగును. వృథాను వెల మనకు చూపదు. వెల చూపనిదానిని మనమే కొలిచి చూచుకొనవలెను.

ఇది వట్టి మాట కాదు. 2003 తరువాత కొన్ని సంవత్సరములు, అనంతపురము, కర్నూలు, మహబూబునగరము, నల్లగొండ మొదలగు ఏడు కరవు జిల్లాలలో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సహాయముతో రైతులే బావుల నీటిమట్టమును, వానను కొలిచి, ఊరివారు కూడి యున్న నీటికి తగిన పంటలను ఎంచుకొను ఏర్పాటు జరిగినది. ఆజ్ఞాపించినవారు లేరు, తాళము వేసినవారు లేరు. గోడపై వ్రాసిన అంకెలే చాలమందికి వరిని తగ్గించి ఆరుతడి పైరులకు మరల బుద్ధి పుట్టించినవి.

యాత్రికులకు ఒక సలహా

ఇట్టివి చూచుటకు లండనుకే పోనక్కరలేదు. బెంగుళూరు కస్తూర్బా రోడ్డులోని విశ్వేశ్వరయ్య పారిశ్రామిక మ్యూజియము, 1959లో తెరచిన కలకత్తా బిర్లా పారిశ్రామిక మ్యూజియము, 1977లో నెలకొల్పిన ఢిల్లీ రైలు మ్యూజియము మనకు అందుబాటులో నున్నవి. పెండ్లికో, వైద్యమునకో, యాత్రకో ఆ నగరములకు పోయినపుడు ఒక పూట మిగుల్చుకొని, పిల్లలను వెంట గొని పోవుడు. అన్నిటిని చూడవలెనని పరుగెత్తవద్దు. నాలుగు యంత్రముల యెదుట నిలిచి, ఒక్కొక్కదానిని మూడు ప్రశ్నలడుగుడు: ఇది ఏ పని చేసినది? దానికి ఏమి తిన్నది? దీనివలన ఎవరికి లాభము, ఎవరికి నష్టము?

ఇంటికి వచ్చిన పిదప నాల్గవది కూడ చేయుడు. ముడులు వేసిన త్రాడునకు రాయి కట్టి, ప్రతి నెల మొదటి తారీఖున, మోటారు ఆపియుంచిన ఉదయమున, తెరపిబావిలో నీటిమట్టమును కొలువుడు. బోరుబావియైనచో గొట్టపు మూతి తెరపి యున్నప్పుడే కొలువవలెను. ఆ సంఖ్యను సంఘపు కార్యాలయమున ఒక నోటుపుస్తకములో, ప్రక్కవారి సంఖ్యలతో కలిపి వ్రాయించుడు. పండ్రెండు నెలల సంఖ్యలు వరుసగా నిలిచిననాడు, రాబోవు రబీలో ఎన్ని ఎకరములు తడుపవచ్చునో సంఘసమావేశములో చర్చించుటకు ఆధారము దొరకును.